త్వరలో రానున్న ప్లేటు

మా అమ్మాయి రాబోయే కెమెరా కోసం ఉన్న కెమెరా అమ్మేసింది. రాబోయేది రాలేదు. అసలు సంగతి ఇంతే. కానీ ఇంతటితో ఊరుకుంటే నా గుండెదడ సంగతి ఎవరికి తెలుస్తుంది? అందుకని మొదటినుంచీ చెబుతాను.

అమ్మాయి ముద్దుపేరు పిచ్చుక. పుట్టినప్పుడు అంతే ఉండేది. ఇప్పుడు ముప్పై ఒకటి నిండాయి, పాత భవనాల ఫొటోలు తీస్తుంది. అంతకుముందు మహారాణిగారికి చక్కటి ఉద్యోగమే ఉండేది. గుర్తింపు కార్డుల ఆఫీసులో మూడో నంబరు కౌంటరు. నెత్తిన ఫ్యాను, ఎదురుగా ఒక స్టూలు, స్టూలు వెనక నీలం పరదా. "గడ్డం కొంచెం పైకి, నవ్వకండి, అయిపోయింది." రోజంతా ఆ మూడు ముక్కలే. ఆ స్టూలు మీదినుంచి పడి ఎవరికీ కాలు విరగలేదు. అలాంటి ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, పడిపోవడానికి సిద్ధంగా ఉన్న కప్పుల కింద నిలబడి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ఈ సంగతి జరిగేనాటికి ఆ సెలవు నెలాఖరుతో అయిపోబోతోంది.

ఈ కెమెరా గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే మీరూ నాలాగే తెల్లమొహం వేస్తారు. మామూలు కెమెరాను ఎత్తయిన భవనం మీదికి ఎత్తి పడితే ఫొటోలో గోడలు వెనక్కి వాలిపోతాయి. ఈ టెక్నికల్ కెమెరా తల ఎత్తదు. నిటారుగా నిలబడే ఉంటుంది, మర తిప్పితే లెన్సు ఒక్కటే పైకీ కిందికీ జరుగుతుంది. గోడలు గోడల్లా నిలబడతాయి. దానికి మూడు భాగాలు. ముందు లెన్సు. వెనక ఫొటో పట్టే పెట్టె, దాన్ని బ్యాక్ అంటారు. ఈ రెంటినీ మధ్యలో పట్టుకుని జరిపే చట్రమే కెమెరా. మొత్తం కలిపి మీడియం ఫార్మాట్ అంటారట. మీడియం అన్నారు కదా, మధ్యరకమేనని నేను సంతోషించాను. బరువులో గానీ పిచ్చిలో గానీ అందులో మధ్యరకం ఏమీ లేదు.

మా పిచ్చుక ఆ మధ్య చట్రాన్ని అమ్మేసింది. ఎందుకంటే కొత్త చట్రం వస్తోందని కంపెనీవాళ్ళు ప్రకటించారు. పాతదానికన్నా వేలెడు సన్నమట. మర తిప్పితే చప్పుడు రాదట.

"పాతదానికి వచ్చేదా?" అని అడిగాను.

"రాదమ్మా. కానీ దీనికి అసలే రాదు."

వసంతంలో వస్తుందన్నారు. వసంతం వచ్చింది. తర్వాత నడివేసవి అన్నారు. అదీ ఏ లోటూ లేకుండా వచ్చి వెళ్ళింది. కంపెనీనుంచి మాత్రం నెలకో ఉత్తరం వచ్చేది, "మీ ఓపికకు ధన్యవాదాలు" అని. దాని ఓపిక సరే, నా ఓపికకు ధన్యవాదాలు చెప్పినవాడు లేడు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. "ఇంజనుంది, చక్రాలున్నాయి, ఛాసీ అమ్మేసింది. ఇక బండి తోలమను."

ఆ ఛాసీని కొన్నది మా వీధి చివరి పళ్ళ డాక్టరు. ఫొటోలంటే ఆయనకు మహా సరదా. పార్సిలు కట్టింది నేనే. పాత దుప్పటి రెండు చుట్లు, దూది, అట్ట, మళ్ళీ దుప్పటి, పైన గోధుమరంగు టేపు చుట్ట మొత్తం. నాలుగిళ్ళ దూరమే, నిజమే. ఆ నాలుగిళ్ళలో ఎన్ని కుక్కలున్నాయో నాకు తెలుసు.

ఇలా ఉండగా ఒక బుధవారం పొద్దున ఫోను మోగింది. పాత కట్టడాల ఆఫీసులో ఇంజినీరు మేడం. ఏదైనా కట్టడం పడగొట్టేముందు దాని ఫొటోలు తీయించి దాచిపెట్టడం ఆవిడ పని.

"పంపుహౌసు ముందుకు జరిగిందమ్మాయ్. వచ్చే నెల కాదు, సోమవారమే కూల్చేస్తున్నారు," అందావిడ. ఫోను స్పీకరులో ఉంది. "ఏడు కిటికీలున్నాయి. వాటిని వేరేచోట మళ్ళీ కట్టిస్తున్నాం. వడ్రంగులు నీ ఫొటో చూసి కొలతలు తీసుకుంటారు. గీత వంకరపోకూడదు. నీ టెక్నికల్ కెమెరాతోనే కావాలి."

"అలాగే మేడం," అంది పిచ్చుక.

"ఇది బాగా వస్తే మిగతా కట్టడాలన్నీ నీకే. రెండేళ్ళ పని. రాకపోతే నేను ఇంకొకరిని చూసుకోక తప్పదు. ఏమీ అనుకోకు."

"ఏమీ అనుకోను మేడం. శనివారం తీసేస్తాను."

ఫోను పెట్టేసింది. నేను దాని మొహం చూశాను. అది గోడ చూసింది.

"దేంతో తీస్తావే?"

"చూస్తానమ్మా."

"అద్దెకిచ్చేవాళ్ళు లేరా?"

"ఊళ్ళో అలాంటిది ఒక్కటే ఉంది."

"ఎవరి దగ్గర?"

"నేనమ్మిందే అది."

నిజం చెప్పాలి. నాకు మొదట హాయి అనిపించింది. సెలవు అయిపోతుంది, పిల్ల మూడో నంబరు కౌంటరుకు వెళ్ళిపోతుంది, నేను ఫ్యాను కింద కూర్చున్న కూతురిని తలుచుకుని కంటినిండా నిద్రపోవచ్చు. ఆ పంపుహౌసు ఇనప మెట్లు నేను చూశాను. తుప్పు పట్టి జల్లెడలా ఉన్నాయి. ఏ కంపెనీవాడైతేనేం, సమయానికి కెమెరా పంపకుండా నా కూతురి ప్రాణం కాపాడాడు అనుకున్నాను.

మర్నాడు పొద్దున టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళితే, భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి కూర్చుని ఉంది. ఒక పక్క లెన్సు. ఒక పక్క బ్యాక్. మధ్యలో నా కొత్త చెప్పులు వచ్చిన అట్టపెట్టె. దానికి ముందొక చిల్లు, వెనకొక చిల్లు. చుట్టూ నల్ల టేపు, రబ్బరు బ్యాండ్లు. లెన్సు బరువుకి పెట్టె ముందుకు ఒరిగిపోతోంది. ఇది నిలబెడుతుంది, అది ఒరుగుతుంది. నన్ను చూసి గబుక్కున తువ్వాలు కప్పేసింది, చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు దాచినట్టు.

"డాక్టరుగారిని ఒక్కరోజు అడగొచ్చుగా," అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని అడగనమ్మా? కొత్తది వస్తోంది, ఈ పాతది నాకెందుకని ఆయనతో గొప్పలు చెప్పి అమ్మాను."

నేను టీ పెట్టడం మానేసి చెప్పులేసుకున్నాను.

పదకొండేళ్ళుగా ఆ డాక్టరు బోర్డు కనపడితే రోడ్డుకు అవతలి పక్క నడిచే మనిషిని నేను. ఊరికే వెళ్ళి కెమెరా ఇమ్మంటే ఏం బాగుంటుంది? అందుకని పన్ను పేరు చెప్పి వెళ్ళాను. ఆయన నన్ను ఆ వాలు కుర్చీలో పడుకోబెట్టి దీపం మొహం మీదికి లాగారు.

"ఎన్నాళ్ళుగా నొప్పి చెల్లెమ్మా?"

"నొప్పి లేదు డాక్టరుగారూ. వస్తుందేమోనని భయం."

"ఎప్పటినుంచి?"

"పళ్ళు వచ్చినప్పటినుంచి."

"నోరు తెరవండి."

తెరిచాను. అంతే, ఆయనకు మాట్లాడటానికి మనిషి దొరికింది, నాకు మాట్లాడే దారి మూసుకుపోయింది.

"మీ అమ్మాయి కెమెరా ఉందే, బంగారమమ్మా. బంగారం."

"ఆఁ."

"ఎన్ని ఫొటోలు తీశానంటారా? ఒక్కటీ లేదు. ఎలా తీస్తాను? నా బ్యాక్ వేరే కంపెనీది. ఆ చట్రానికి అతకదు. మధ్యలో ఒక ప్లేటు పడాలి. ఆ ప్లేటు వస్తోంది."

"ఎఁ...?"

"ఎప్పుడంటారా? త్వరలో."

ఆ మాట వినగానే కుర్చీలో ఉన్నా నాకు నవ్వొచ్చింది. కదలొద్దన్నారు. గాజు బీరువా వైపు చెయ్యి చూపించి ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. కెమెరాకు ఎండ తగలకుండా గొడుగు. వాన తగలకుండా తొడుగు. తొడుగు పెట్టుకోవడానికి సంచి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే కెమెరాను సమంగా నిలబెట్టే పళ్ళ చక్రాల తల. అన్నీ కొన్నారు. అన్నిటికీ అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. ఒక్క ఫొటో తప్ప ఆ బీరువాలో లేనిది లేదు. కింద అరలో నా పాత దుప్పటి కట్ట కూడా, టేపుతో సహా, నేనెలా కట్టానో అలాగే ఉంది.

"అది విప్పనే లేదా?" అన్నాను, ఉమ్మడానికి లేచినప్పుడు.

"విప్పుదామనే చూశానమ్మా. ఆ టేపు చూసి ధైర్యం చాల్లేదు."

ఒక పన్నులో చిన్న చిల్లు ఉందన్నారు, పూడ్చేశారు. నేను భయపడటం మరిచిపోయాను. కుర్చీ దిగి ఉన్నదున్నట్టు చెప్పాను. శనివారం, ఒక్క పూట, పంపుహౌసు.

డాక్టరుగారి మొహం పాలిపోయింది. "పంపుహౌసా? అక్కడ దుమ్ముంటుంది కదమ్మా. పావురాలుంటాయి. ఏదైనా మీద పడితే? మర దగ్గర ఒక్క ఇసుక రేణువు దూరితే చాలు..."

అచ్చం నా మాటలు, నా గొంతు కాదు అంతే. ఎదుటి మనిషి నోట వింటే ఎంత విసుగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది. కానీ ఈ విద్యలో ఆయన కొత్త. నాకు ముప్పై ఏళ్ళ అనుభవం.

"మీరన్నది నిజమే డాక్టరుగారూ. బయటికి తీస్తే దుమ్మే. కానీ తీయకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించారా? మా ఆయన డిపోలో చేశారు కదా. రెండు నెలలు కదలకుండా నిలబెట్టిన బండికి మరలన్నీ బిగుసుకుపోతాయట. పైగా దుప్పట్లో చుట్టి ఉంది. లోపల చెమ్మ. చెమ్మకి బూజు. మీ ప్లేటు వచ్చేనాటికి అది తిరగకపోతే?"

ఆయన దుప్పటి కట్ట వైపు చూశారు.

"తిరగదంటారా?"

"నేనెందుకంటానండీ. భయమేస్తోంది, అంతే."

ఆయన వెంటనే కత్తెర తెచ్చారు. "ఇస్తాను. కానీ నేనూ వస్తాను. దాన్ని ఒంటరిగా పంపను."

ఇంటికొచ్చి చెబితే పిచ్చుక నన్ను గట్టిగా పట్టుకుంది. నేను పన్ను జాగ్రత్త అన్నాను.

శనివారం పొద్దున ఏడింటికి పంపుహౌసులో ఉన్నాం. మా ఆయన బండి తోలారు. డాక్టరుగారు దారంతా కెమెరాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరైనా లాక్కుంటారన్నట్టు. లోపల పెద్ద హాలు. పంపులు ఎప్పుడో పీక్కుపోయారు, నేలలో వాటి గుంటలు మాత్రం మిగిలాయి. ఎడమ గోడకు ఏడు కిటికీలు, ఒక్కోటి ముగ్గురు మనుషుల ఎత్తు. ఎండ వాటిలోంచి ఏటవాలుగా దిగుతోంది. పది దాటితే ఆ ఎండ ఉండదని, ఈలోపే అయిపోవాలని పిచ్చుక చెప్పింది. మేడం మరో షరతు కూడా పెట్టారు. ఏడు కిటికీలూ ఒకే దూరంనుంచి తీయాలి, లేకపోతే వడ్రంగుల కొలత కలవదు.

ట్రైపాడ్ పెట్టిన ప్రతిచోటా దాని మూడు కాళ్ళ చుట్టూ నేను సుద్దముక్కతో సున్నాలు చుట్టాను.

"ఇదెందుకమ్మా?"

"ఎవరైనా కాలు తగిలి పడతారేమోనని."

"ఉన్నది నలుగురం."

"నలుగురూ మనుషులేగా."

ఒక్కో కిటికీకి మూడు ఫొటోలు. లెన్సు పైకి జరిపి ఒకటి, మధ్యలో ఒకటి, కిందికి జరిపి ఒకటి. తర్వాత మూడూ కలిపి ఒకటి చేస్తారు. ప్రతి ఫొటో తర్వాత లెన్సుకు వెలుగు దూరే తెల్ల ప్లాస్టిక్ రేకు అడ్డం పెట్టి ఇంకొకటి ఉత్తది తీయాలి. అది లేకపోతే ఫొటోలో ఒక పక్క గులాబీ, ఒక పక్క ఆకుపచ్చ దిగుతాయట, ఆ రంగులు పోగొట్టడానికి ఆ తెల్ల ఫొటో ఆధారమట. రేకు పట్టుకునే ఉద్యోగం నాకిచ్చారు. ఒకచోట నిలబెడితే మెట్లెక్కొద్దని అరవదని కాబోలు. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకునే దాన్ని, ఊరికే పట్టుకుంటానా? కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక గీతలు పెట్టుకున్నాను. ఫొటోకి ఒక నిలువు గీత, రేకుకి ఒక అడ్డగీత.

మొదటి మూడు కిటికీలూ గడియారంలా నడిచాయి. నాలుగో కిటికీ దగ్గర, మధ్యది అయ్యాక, డాక్టరుగారి ఫోను టింగుమంది.

"వచ్చింది!" అని కేక పెట్టారు. పావురాలన్నీ లేచాయి.

"ప్లేటా?"

"ప్లేటు బొమ్మ! కొత్త బొమ్మ పెట్టారు. చూడమ్మాయ్, మూలలు గుండ్రంగా చేశారు."

పిచ్చుక పరిగెత్తింది. ఇద్దరి తలలూ ఫోను మీదికి వంగాయి. ఎదురుగా నిజం కెమెరా నిలబడి ఉంది. పక్కన ఎండ జరిగిపోతోంది. వీళ్ళు రాబోయే ప్లేటు మూలలు చూస్తున్నారు.

"నా కొత్త చట్రానికి కూడా ఇది పడుతుందేమో అంకుల్."

"పడుతుందమ్మా. కానీ దానికి ఇంకో చిన్న రింగు కావాలట. అది కూడా వస్తోంది."

మా ఆయన నా వైపు చూసి, "వీళ్ళిద్దరినీ మా డిపోలో పెట్టి ఉంటే ఒక్క బస్సు రోడ్డెక్కేది కాదు," అన్నారు.

పిచ్చుక నవ్వుకుంటూ వచ్చి ట్రైపాడ్ ఎత్తి అయిదో కిటికీ దగ్గర పెట్టింది. టేపుతో దూరం కొలిచింది, అయిదోది తీసింది. ఆరోది తీసింది. నేను రేకు పట్టాను, గీత పెట్టాను. ఏదో సరిపోనట్టే ఉంది. ఏడోది మొదలుపెట్టబోతుంటే కవరు మళ్ళీ లెక్కపెట్టాను.

"పిచ్చుకా, నాలుగో కిటికీకి రెండే ఉన్నాయి."

"మూడూ తీశానమ్మా."

"నా కవరు మీద రెండే."

"నువ్వు గీత పెట్టడం మర్చిపోయుంటావు. నస పెట్టకు, ఎండ పోతోంది."

నేను మర్చిపోవడం! స్కూలు రోజుల్లో దీని టిఫిను డబ్బా మూత సరిగా పడిందో లేదో చూడటానికి బస్టాపుదాకా పరిగెత్తిన మనిషిని.

"ఒక్కసారి చూడవే. నా తృప్తి కోసం."

గట్టిగా నిట్టూర్చి బ్యాక్ తెరమీద వెనక్కి తిప్పి చూసింది. పైది ఉంది. మధ్యది ఉంది. కింద సగం లేదు. కిటికీ గాల్లో వేలాడుతోంది. సోమవారం తర్వాత ఆ కింద సగం ఈ భూమ్మీదే ఉండదు.

దాని మొహంలో రక్తం లేదు. డాక్టరుగారు ఫోను జేబులో పెట్టుకున్నారు. తొమ్మిదీ నలభై అయింది, నాలుగో కిటికీ మీద ఎండ ఒక అంచు మాత్రమే మిగిలింది.

"మళ్ళీ దూరం కొలిచి సరిచేసేసరికి ఎండ పోతుంది," అంది, ఎవరితోనూ కాకుండా.

"కొలవడం ఎందుకు? సున్నాలున్నాయిగా," అన్నాను.

మా ఆయన ట్రైపాడ్ కాళ్ళు పట్టుకుని తెచ్చి ఆ మూడు సున్నాల్లో దించారు. పిచ్చుక మర తిప్పింది. పైది, మధ్యది, కిందది, మూడూ మళ్ళీ మొదటినుంచీ. నేను రేకు, గీత, రేకు, గీత. మూడోది పడేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. ఏడో కిటికీ చిట్టచివరిది, దాని మీద ఇంకా కొంచెం మిగిలి ఉంది. అదీ అయిపోయింది.

"అమ్మా," అంది పిచ్చుక, అక్కడే నేలమీద కూర్చుండిపోయి. "దుమ్ములో కూర్చోకు, దగ్గొస్తుంది," అన్నాను.

సోమవారం పంపుహౌసు పడిపోయింది. బుధవారానికి ఇంజినీరు మేడం బల్లమీద ఏడు కిటికీలూ నిలువుగా నిలబడ్డాయి. వడ్రంగి మేస్త్రి స్కేలు పెట్టి కొలిచి, "గీత గీతలానే ఉందమ్మా," అన్నాడట. రెండేళ్ళ పని పిచ్చుకదే అయింది. అది మూడో నంబరు కౌంటరుకు రాజీనామా రాసి పంపింది. నేను ఆ కాగితం మీద అక్షరదోషాలున్నాయేమోనని రెండుసార్లు చూశాను. ఒక్కటీ లేకపోవడం నా దురదృష్టం.

కెమెరా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. డాక్టరుగారు తీసుకెళ్ళడానికి వచ్చి, గుమ్మంలో ఆగి, "చెల్లెమ్మా, మీరన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా ఇంట్లో ఉంటే బిగుసుకుపోతుంది. నా ప్లేటు వచ్చేదాకా మీ దగ్గరే ఉంచి, రోజూ తిప్పుతూ ఉండండి," అన్నారు. రోజూ తిప్పుతూనే ఉంది పిచ్చుక. ఇప్పటికి నాలుగు కట్టడాలయ్యాయి. కొత్త చట్రం సంగతి అడిగితే, "వస్తుందిలే," అంటుంది, ఇదివరకటి ఆత్రం లేకుండా.

కానీ నాకు మనశ్శాంతి ఎక్కడ? ఆ ప్లేటు నిజంగానే వచ్చేస్తే? డాక్టరుగారు కెమెరా పట్టుకుపోతారు. కొత్త చట్రం చూస్తే రాదు. పిల్ల మళ్ళీ నా చెప్పుల పెట్టె వెతుక్కుంటుంది. అందుకని రోజూ పొద్దున్నే మా ఆయన చేత ఫోను తెరిపించి, కంపెనీవాళ్ళ కొత్త వార్తలన్నీ చదివించుకుంటున్నాను. గొడుగులు వస్తున్నాయట, రింగులు వస్తున్నాయట. నా గుండె ఒక్క ప్లేటు దగ్గరే ఆగుతుంది.

నిన్న ఆ ఫోనులోనే వచ్చింది ఉత్తరం. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. "మా ప్లేటు కోసం ఎదురుచూస్తున్న మీకు ఒక ముఖ్య సమాచారం."

నేను కుర్చీ పట్టుకున్నాను. "చదవండి. ఏదైనా సరే, దాచకుండా చదవండి."

"మూలలు ఇంకా గుండ్రంగా చేయాలని నిర్ణయించాం. అందువల్ల విడుదల వచ్చే ఏడాదికి వాయిదా పడింది. మీ ఓపికకు ధన్యవాదాలు."

ఎంత మంచి కంపెనీ! ఎంత మర్యాదస్తులు! వాళ్ళు అలా నిదానంగా, ఒక్కో మూలా తాపీగా, ఏ తొందరా లేకుండా గుండ్రం చేసుకోవాలి. నేను ఎంతకాలమైనా ఓపిక పడతాను.